ఐరిస్ డేటాసెట్ అందరికీ తెలుసు, మరి ఐరిస్ పువ్వు?

ఈ ఎపిసోడ్ ఒక పువ్వు గురించి. వీడియో చూడకుండా ట్రాన్స్‌క్రిప్ట్ చదువుతున్నవాళ్ల కోసం ఫోటోల్లో ఉన్నది కూడా మాటల్లోనే చెప్తాను, కాబట్టి టెన్షన్ వద్దు.

మీలో డేటా సైన్స్, మెషీన్ లెర్నింగ్ నేర్చుకుంటున్నవాళ్లు చాలామందే ఉంటారు. కోర్స్ ఏదైనా సరే, మొదటి వారంలోనే ఈ పువ్వు పేరు వినేస్తారు. అదే ఐరిస్. 150 పువ్వులు, మూడు జాతులు, ఒక్కో జాతికి 50. పేర్లు సెటోసా, వెర్సికలర్, వర్జినికా. ఒక్కో పువ్వుకి నాలుగు కొలతలు: సెపల్ పొడవు, సెపల్ వెడల్పు, పెటల్ పొడవు, పెటల్ వెడల్పు. కొలతలు ఇస్తే జాతి పేరు చెప్పాలి, అదే ఎక్సర్‌సైజ్. పది లైన్ల కోడ్ రాస్తే పని అయిపోతుంది.

నేనూ అలాగే రాశాను. టెస్టింగ్‌కి పక్కన పెట్టిన 30 పువ్వుల్లో 29 కరెక్ట్, అంటే 96.67 శాతం. స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నా. ఆ సాయంత్రం మా పిన్ని కూతురు ఇంటికొచ్చింది. ఇంటర్ బైపీసీ, ఎంట్రన్స్‌కి చదువుతోంది. నా ల్యాప్‌టాప్‌లో నోట్‌బుక్ పైన అతికించిన పువ్వు ఫోటో చూసి, "అక్కా, భలే ఉందే ఈ పువ్వు! ఇందులో సెపల్ ఏది?" అంది.

నేను కూడా బైపీసీనే. బోటనీలో మంచి మార్కులే వచ్చాయి. సెపల్ అంటే రక్షక పత్రం, మొగ్గ కింద ఆకుపచ్చగా ఉండేది. మందార పువ్వు బొమ్మ ఎన్నిసార్లు వేసుంటాం! కాబట్టి కాన్ఫిడెంట్‌గా పువ్వు కింద ఆకుపచ్చగా ఉబ్బెత్తుగా ఉన్నదాన్ని చూపించి, "ఇదిగో" అన్నా.

అది ఒక్క నిమిషం ఫోటోని జూమ్ చేసి చూసింది. "అది అండాశయంలా ఉంది అక్కా. నిమ్న అండాశయం. పువ్వు దాని పైన కూర్చుంది చూడు" అంది.

నిజమే. అది అండాశయమే. రెండు నెలలుగా సెపల్ పొడవు, సెపల్ వెడల్పు అని టైప్ చేస్తూనే ఉన్నా గానీ, సెపల్ ఏదో నాకు తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పను, బాగానే పట్టింది. కానీ మర్నాటి నుంచి ఈ పువ్వుని వదల్లేదు.

సరే, ముందు పువ్వులోకి వెళ్దాం.

ఐరిస్ పువ్వుని పైనుంచి చూస్తే తొమ్మిది రేకులు ఉన్నట్టు అనిపిస్తుంది. కొన్ని కిందికి వాలి ఉంటాయి, కొన్ని పైకి లేచి ఉంటాయి, మధ్యలో ఇంకో మూడు చిన్నవి. కిందికి వాలిన మూడు పెద్ద రేకులు, రంగు రంగుల గీతలతో, అందరి కళ్లూ ముందు పడేవి, అవే సెపల్స్. అవును, ఆకుపచ్చగా లేవు, అయినా రక్షక పత్రాలే. తోటల పెంపకం వాళ్లు వాటిని ఫాల్స్ అంటారు, కిందికి పడుతున్నట్టు ఉంటాయి కాబట్టి. పైకి నిలబడిన మూడూ పెటల్స్, మన పుస్తకాల్లో ఆకర్షణ పత్రాలు. వాటికి తోటల వాళ్ల పేరు స్టాండర్డ్స్.

మరి మధ్యలో ఉన్న ఆ మూడు చిన్న రేకులు? అవి అసలు రేకులే కావు. అది కీలం. మామూలు పువ్వులో అండాశయం మీద సన్నగా పుల్లలా ఉండే భాగమే ఇక్కడ మూడుగా చీలి, వెడల్పుగా పరుచుకుని, రంగు పూసుకుని, రేకులా నటిస్తోంది. ఒక్కో కీలం కొమ్మ కింద ఒక్కో కేసరం దాక్కుని ఉంటుంది. మొత్తం కేసరాలు మూడే.

ఇది వింతేమీ కాదు, మన వీధుల్లో కూడా ఇలాంటి మోసగాళ్లు ఉన్నారు. మెట్టతామర తెలుసు కదా, ఎర్రగా, పసుపుగా పార్కుల్లో ఉంటుంది. దాంట్లో మనం రేకులు అనుకునేవి నిజానికి మారిపోయిన కేసరాలు. కాగితం పూలలో గులాబీ రంగు కాగితాల్లాంటివి పుష్పపుచ్ఛాలు, అసలు పువ్వులు వాటి మధ్యలో సన్నగా తెల్లగా ఉంటాయి. అందుకే రంగు చూసి ఇది రేకు అని డిసైడ్ అయిపోకూడదు. అది ఎక్కడ పుట్టిందో చూడాలి. బయటి చుట్టులోనా, లోపలి చుట్టులోనా, కేసరాల స్థానంలోనా, అండాశయం పైనా? ఐరిస్‌లో బయటి చుట్టులో పుట్టినవి వాలు రేకులు. కాబట్టి అవే సెపల్స్.

ఈ అమరిక ఎందుకంటే, తేనెటీగ కోసం. వాలు రేకు ఒక రన్‌వే అనుకోండి. దాని మీద మధ్యలో పసుపు మచ్చ, గీతలు, కొన్ని జాతుల్లో బొచ్చు, ఇవన్నీ ఇటు రా అని చెప్పే గుర్తులు. రేకుకీ పైనున్న కీలం కొమ్మకీ మధ్య సన్నటి సొరంగం ఉంటుంది. ఈగ అందులోకి దూరుతుంటే, కీలం కొమ్మ అడుగున ఉన్న చిన్న పెదవిలాంటి కీలాగ్రం దాని వీపు మీద రాసుకుని, ముందటి పువ్వు నుంచి తెచ్చిన పుప్పొడిని గీకేసుకుంటుంది. ఇంకాస్త లోపలికి పోతే కేసరం తగిలి కొత్త పుప్పొడి అంటుకుంటుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఆ పెదవి ముడుచుకుంటుంది కాబట్టి అదే పువ్వు పుప్పొడి దానికే అంటే అవకాశం తగ్గుతుంది. ఇలాంటి సొరంగాలు ఒక్కో పువ్వుకి మూడు. ఈగ దృష్టిలో ఒక ఐరిస్ పువ్వు అంటే మూడు పువ్వులన్నమాట.

ఇప్పుడు ఆ 150 పువ్వుల దగ్గరికి వద్దాం. వాటిని కొలిచినాయన పేరు ఎడ్గార్ ఆండర్సన్, అమెరికాలో మిస్సోరీ బొటానికల్ గార్డెన్‌తో కలిసి పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు. డేటాసెట్‌కి ఫిషర్ ఐరిస్ అని పేరొచ్చింది గానీ, బురదలో దిగి పువ్వులు కోసి స్కేల్ పెట్టింది ఫిషర్ కాదు. ఈ విషయంలో నాకు కొంచెం కోపం ఉంది, చెప్పేస్తున్నా.

ఆండర్సన్‌కి ఒక చిక్కు ప్రశ్న ఉండేది. అమెరికా తూర్పు వైపు, కెనడాలో, చిత్తడి నేలల్లో నీలం ఐరిస్‌లు విరగబూస్తాయి. వాటిని జనం బ్లూ ఫ్లాగ్ అంటారు. అన్నీ ఒకటేలా కనిపిస్తాయి. కానీ ఒకటేనా? ఊరూరూ తిరిగి, గుంపులు గుంపులుగా కొలిచి, 1928లో ఆయన రాసిందేంటంటే, ఉత్తరాన ఉన్నది వెర్సికలర్, దక్షిణాన ఉన్నది వర్జినికా, రెండూ వేరు వేరు జాతులు. ఒక్క పువ్వుని చూస్తే తేడా పట్టుకోవడం కష్టం, గుంపుని చూస్తే తేడా కనిపిస్తుంది. అందుకే ఆయనకి అన్ని కొలతలు కావాల్సి వచ్చాయి.

తర్వాత వచ్చింది అసలు ప్రశ్న. ఈ వెర్సికలర్ ఎక్కడి నుంచి వచ్చింది? క్రోమోజోములు లెక్కపెడితే సెటోసాలో 38, వర్జినికాలో 70 దాకా, వెర్సికలర్‌లో 108. ఇప్పుడు మీరే కూడండి. 38, 70 కలిపితే 108! ఎప్పుడో పూర్వం సెటోసా, వర్జినికా కలిసి ఒక సంకరం పుట్టి, దాని క్రోమోజోములు రెట్టింపై, కొత్త జాతిగా నిలబడింది, అదే వెర్సికలర్, అని ఆండర్సన్ 1936లో ప్రతిపాదించాడు. 2007లో డీఎన్‌ఏ పరీక్షలు కూడా ఆ మాటే బలపరిచాయి.

అంతకుముందు 1929-30లో ఆండర్సన్ ఇంగ్లండ్ వెళ్లి చదువుకున్నాడు. అప్పుడే గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ దగ్గర కూడా నేర్చుకున్నాడు. ఫిషర్ ఆ కొలతల్ని తీసుకుని, నాలుగింటినీ ఎలా కలిపితే జాతులు బాగా విడిపోతాయో లెక్క కట్టి 1936లోనే పేపర్ రాశాడు. అది వచ్చింది యూజెనిక్స్ జర్నల్‌లో, అంటే మంచి మనుషుల జాతిని పెంచాలి అనే ఘోరమైన ఆలోచన చుట్టూ నడిచిన పత్రికలో. ఫిషర్ కూడా ఆ ఆలోచనని నమ్మినవాడే. ఈ కారణంతోనే ఇప్పుడు కొంతమంది టీచర్లు ఐరిస్ బదులు పెంగ్విన్‌ల డేటా వాడుతున్నారు. నాకైతే ఆ నిర్ణయం అర్థమవుతుంది. కానీ పువ్వుల తప్పు ఏముంది, కొలిచినాయన తప్పు ఏముంది అని కూడా అనిపిస్తుంది.

సెటోసా, వెర్సికలర్ పువ్వుల్ని ఆండర్సన్ కెనడాలోని క్యూబెక్‌లో ఉన్న గాస్పే ద్వీపకల్పంలో కోశాడు. రెండూ ఒకే గడ్డిమైదానంలో, ఒకే రోజు కోసి, ఒకే మనిషి ఒకే పనిముట్టుతో కొలిచినవి. ఇది చిన్న విషయం కాదు. వాన, ఎండ, నేల, కొలిచే చెయ్యి, అన్నీ ఒకటే కాబట్టి తేడా కనిపిస్తే అది జాతి తేడానే. వర్జినికా మాత్రం వేరే చోటిది. ఇంకో ముచ్చట. గాస్పేలో ఉన్న ఆ సెటోసాని ఇప్పుడు చాలామంది వృక్షశాస్త్రజ్ఞులు ఐరిస్ హుకెరి అని విడిగా లెక్కేస్తున్నారు. అంటే మన డేటాసెట్‌లో మొదటి 50 వరసల మీద ఉన్న లేబుల్ కూడా ఇంకా చర్చలోనే ఉంది.

అంతేకాదు, ఇంటర్నెట్‌లో ఎక్కువగా తిరిగిన ఒక కాపీలో సెటోసా 35వ, 38వ పువ్వుల అంకెలు ఫిషర్ పేపర్‌లో ఉన్నవాటితో సరిపోవు. ఎవరో టైప్ చేసేటప్పుడు జరిగిన పొరపాటు. మీ దగ్గరున్న కాపీ ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు అసలు మజా. పెటల్ పొడవు కాలమ్ ఓపెన్ చేయండి. సెటోసాకి 1 నుంచి 1.9 సెంటీమీటర్లు. వెర్సికలర్‌కి 3 నుంచి 5.1. వర్జినికాకి 4.5 నుంచి 6.9. గ్రాఫ్ గీస్తే సెటోసా చుక్కలన్నీ ఎడమ పక్క కింద మూలలో వేరుగా కూర్చుంటాయి. ప్రతి ట్యుటోరియల్‌లోనూ 'సెటోసా ఈజీగా విడిపోతుంది' అని చెప్పి ముందుకెళ్లిపోతారు. ఎందుకు విడిపోతుందో ఎవరూ చెప్పరు.

సెటోసా సెపల్ సగటున 5 సెంటీమీటర్లు. పెటల్ సుమారు ఒకటిన్నర. వెడల్పు అయితే మిల్లీమీటర్ నుంచి 6 మిల్లీమీటర్ల దాకా, అంతే. ఆ పువ్వులో స్టాండర్డ్స్ దాదాపు లేనట్టే, మొనదేలిన చిన్న ముళ్లవెంట్రుకల్లా ఉంటాయి. సెటోసా అనే పేరే దాంట్లోంచి వచ్చింది. లాటిన్‌లో సేటా అంటే గరుకు వెంట్రుక. అంటే మన మోడల్ కనిపెట్టిన ఆ గొప్ప రూల్, పెటల్ చిన్నగా ఉంటే సెటోసా అనేది, ఆ మొక్కకి పేరు పెట్టిన రోజే పేరులో రాసేశారు! నేను ఇది చదివినప్పుడు నవ్వాగలేదు. రెండొందల లైన్ల నోట్‌బుక్ రాసి నేను తేల్చింది ఆ పేరుకి అర్థం.

ఇంకొక లెక్క చూడండి. పెటల్ పొడవు సగటులు సెటోసా 1.46, వెర్సికలర్ 4.26, వర్జినికా 5.55. సెటోసా నుంచి వెర్సికలర్‌కి దూరం 2.80. వెర్సికలర్ నుంచి వర్జినికాకి 1.29. అంటే వెర్సికలర్ ఇద్దరి మధ్యలో ఉంది, కానీ వర్జినికాకి రెండింతల కంటే కాస్త ఎక్కువే దగ్గర. ఎందుకంటే దాని 108 క్రోమోజోముల్లో వర్జినికా వాటా సెటోసా వాటాకి దాదాపు రెట్టింపు. ఫిషర్ ఆ పేపర్‌లో పరీక్షించిన విషయాల్లో ఇదొకటి. మనం క్లాసిఫికేషన్ ఎక్సర్‌సైజ్ అనుకుని చేసేది మొదట్లో ఒక మొక్క తల్లిదండ్రులెవరు అన్న విచారణ.

వెర్సికలర్, వర్జినికా మాత్రం అంకెల్లో కలిసిపోతాయి. నా మోడల్ తప్పు చెప్పిన ఆ ఒక్క పువ్వు కూడా అక్కడిదే. మరి వృక్షశాస్త్రజ్ఞులు ఆ రెండింటినీ ఎలా విడదీస్తారు? స్కేల్ పక్కన పెట్టి భూతద్దం తీస్తారు. వాలు రేకు మీద పసుపు మచ్చ చూస్తారు. వర్జినికాలో అది ప్రకాశవంతమైన పసుపు, దాని మీద సన్నటి నూగు ఉంటుంది. వెర్సికలర్‌లో ఆకుపచ్చ కలిసిన పసుపు, నూగు బదులు సూక్ష్మమైన బుడిపెలు. పువ్వు రాలిపోయాక వస్తే గింజలు చూస్తారు. వెర్సికలర్ గింజ గట్టిగా, మెరుస్తూ, వరసైన గుంటలతో ఉంటుంది. వర్జినికా గింజ బెండులా తేలిగ్గా, గుంటలు అడ్డదిడ్డంగా ఉంటుంది. డేటాసెట్‌లో నూగుకి కాలమ్ లేదు, గింజకి లేదు. అందుకే ఎంత గొప్ప అల్గారిథమ్ పెట్టినా ఆ రెండింటి మధ్య తడబడుతూనే ఉంటుంది.

ఇక్కడిదాకా అంతా ఫోన్‌లో, పుస్తకాల్లో చూసిందే. నిజం పువ్వుని చూసింది మాత్రం పోయినేడాది మే నెలలో.

మన తెలుగు నేల మీద ఐరిస్ అడవిలో పెరగదు. చల్లటి ప్రాంతాల మొక్క. ఫ్రెండ్స్‌తో శ్రీనగర్ వెళ్లినప్పుడు, దారి పక్కన ఒక పాత శ్మశానవాటికలో సమాధుల మధ్య తెల్లటి, ఊదారంగు ఐరిస్‌లు గుంపులుగా కనిపించాయి. కశ్మీర్‌లో సమాధుల మీద ఐరిస్ నాటడం పాతకాలం నుంచీ ఉన్న ఆచారం. గేటు దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. వచ్చీరాని హిందీలో, "చాచా, పువ్వు కొయ్యను, కొలుచుకుంటా, అంతే" అన్నా. ఆయన నన్నూ నా చేతిలోని ఆరంగుళాల స్కేల్‌నీ చూసి, "కొలుచుకో బేటీ, కాళ్లు చూసుకుని నడువు" అన్నాడు. ఎక్కడ ఎవరు పడుకుని ఉన్నారో తొక్కకు అని.

ఒక తెల్ల పువ్వుని వంగి కొలిచా. సెపల్ పొడవు 8 సెంటీమీటర్లు, వెడల్పు 4.5. పెటల్ పొడవు 8.2, వెడల్పు 4.6. ఫోన్‌లోనే నా పాత నోట్‌బుక్ ఓపెన్ చేసి ఆ అంకెలు ఇచ్చా. ఒక్క సెకన్లో జవాబు వచ్చింది. వర్జినికా. ఎంత నమ్మకంతో? దాదాపు 100 శాతం.

అమెరికా చిత్తడి నేలల్లో పెరిగే మొక్క శ్రీనగర్ సమాధుల మీద ఎందుకుంటుంది చెప్పండి! మోడల్‌ది అబద్ధం కాదు, దానికి తెలిసిన పేర్లు మూడే. ఏ పువ్వు ఇచ్చినా, బంతిపువ్వు ఇచ్చినా, ఆ మూడింట్లో ఒకటి చెప్పాల్సిందే. పెద్ద పెటల్ కనిపిస్తే దానికి తెలిసిన పేరు వర్జినికా. 150 వరసల్లో ఎక్కడా పెటల్ వెడల్పు 2.5 దాటలేదు, ఎక్కడా పెటల్ సెపల్ కంటే పొడవుగా లేదు. నా పువ్వులో రెండూ జరిగాయి. అయినా దానికి అనుమానం రాలేదు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. ఎందుకంటే ఆఫీసులో నేను అలాంటి మోడల్సే తయారు చేస్తున్నా, అక్కడ పువ్వుల బదులు మనుషుల దరఖాస్తులు ఉంటాయి.

సరే, అదే పువ్వుని వృక్షశాస్త్రజ్ఞులు ఎలా గుర్తుపడతారో చూద్దాం. ఐరిస్‌లో దాదాపు 300 జాతులు ఉన్నాయి. వాళ్లు కొలతతో మొదలుపెట్టరు, ప్రశ్నలతో మొదలుపెడతారు.

నేలలో ఏముంది? అల్లం, పసుపు కొమ్ములా అడ్డంగా పాకే కొమ్మా, ఉల్లిగడ్డలా పొరల గడ్డా? ఈ ఒక్క ప్రశ్నతోనే ప్రజాతి పెద్ద ముక్కలుగా చీలిపోతుంది. శ్రీనగర్‌లో తవ్వక్కర్లేదు, కొమ్ములు నేల పైకే తేలి కనిపిస్తున్నాయి.

వాలు రేకు మీద గడ్డం ఉందా? గడ్డం అంటే నిజంగానే గడ్డం, పళ్లు తోముకునే బ్రష్‌లా మెత్తటి వెంట్రుకల వరస. నా పువ్వుకి ఉంది. వర్జినికాకి ఉండదు, అక్కడిది నూగు మాత్రమే. అంటే రెండో ప్రశ్నకే నా మోడల్ జవాబు కొట్టుకుపోయింది. కొన్ని జాతుల్లో గడ్డం బదులు కోడిజుట్టులాంటి గట్టి అంచు ఉంటుంది, కొన్నింట్లో ఏదీ ఉండదు.

తర్వాత ఆకు. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఐరిస్ ఆకులు కత్తుల్లా ఉండి, విసనకర్రలా ఒకదాన్నొకటి కౌగిలించుకుంటాయి. మామూలు ఆకుకి పైవైపు ఒకటి, అడుగు ఒకటి ఉంటాయి కదా. ఈ ఆకు మధ్యలో నిలువుగా మడిచి, లోపలి ముఖాలు రెండూ అతికించేసినట్టు ఉంటుంది. కాబట్టి బయటికి రెండు పక్కలా కనిపించేది అడుగు భాగమే. ల్యాబ్‌లో బ్లేడుతో సన్నటి అడ్డకోత తీసి, సాఫ్రనిన్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెడితే నాళికాపుంజాలు రెండు వరసల్లో ఎదురెదురుగా కనిపిస్తాయి, దారువు లోపలి వైపు, పోషక కణజాలం బయటి వైపు. మడత కథ అక్కడ బయటపడుతుంది. గడ్డ ఉన్న జాతుల్లో మళ్లీ వేరు. రెటిక్యులాటా అనే చిన్న ఐరిస్ ఆకుని అడ్డంగా కోస్తే నాలుగు మూలల చతురస్రం కనిపిస్తుంది. దాని దగ్గరి చుట్టం బేకరియానా ఆకుకి ఎనిమిది పక్కటెముకలు. పువ్వు లేకపోయినా ఆకు కోతతో ఆ రెండింటినీ విడదీయొచ్చు. జూనో అనే గుంపు ఆకులు కాలవలా గుంటపడి, మొక్క మొత్తం మొక్కజొన్నలా ఉంటుంది.

ఆ తర్వాత మొగ్గని కప్పే తొడుగు, పువ్వు విచ్చే వేళకి పచ్చగా ఉందా, కాగితంలా ఎండిపోయిందా చూస్తారు. ఐరిస్ పాలిడాలో అది పూర్తిగా వెండి కాగితంలా ఉంటుంది. చివరికి గింజ. కొన్ని గుంపుల్లో గింజ ఒక చివర తెల్లటి కండ అంటుకుని ఉంటుంది. బిర్యానీలో వేసే జాపత్రి తెలుసు కదా, అది జాజికాయ గింజ చుట్టూ ఉండే అలాంటి భాగమే.

శ్రీనగర్‌లో నేను ఎంతవరకు వెళ్లగలిగానంటే, గడ్డం ఉన్న కొమ్ము ఐరిస్‌ల గుంపు దాకా. అక్కడ ఐరిస్ కశ్మీరియానా ఉంది, నాటిన తోట రకాలూ ఉన్నాయి. గింజలు లేవు, కొమ్మ కోసే హక్కు నాకు లేదు. కాబట్టి నోట్స్‌లో 'గడ్డం గుంపు, జాతి తేలలేదు' అని రాసుకున్నా. నా మోడల్‌కి ఈ వాక్యం రాయడం రాదు.

అలాగని శరీర నిర్మాణం ఎప్పుడూ గెలుస్తుందని కాదు. మన దేశంలో తోటల్లో పెంచే ఒక మొక్క ఉంది. నారింజ రంగు పువ్వు, ఎర్రటి చుక్కలు, కాయ పగిలితే నల్లగా మెరిసే గింజలు. చాలాకాలం దాని పేరు బెలంకాండా. పువ్వులో ఆరు రేకులూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వాలు రేకులు లేవు, సొరంగం లేదు, కీలం రేకులా నటించదు. ఇది ఐరిస్ ఎలా అవుతుంది అని వేరే ప్రజాతిలో పెట్టారు. డీఎన్‌ఏ చూస్తే అది ఐరిస్‌ల మధ్యలోనే కూర్చుంది. 2005లో పేరు మార్చి ఐరిస్ డొమెస్టికా అన్నారు. విచిత్రం ఏంటంటే దాని ఆకులు మొదటి నుంచీ అచ్చం ఐరిస్ విసనకర్రే, నేలలో అదే కొమ్ము. పువ్వు వేషం మార్చింది, ఆకు మార్చలేదు. అందరూ పువ్వునే చూశారు.

మా పిన్ని కూతురికి ఈ కథంతా చెప్తే, "నాకు నిజం పువ్వు కావాలి అక్కా, ఫోటోలు కాదు" అంది. ఐరిస్ ఇక్కడ దొరకదు కాబట్టి బొకే షాపుకి తీసుకెళ్లా. గ్లాడియోలస్ కొన్నాం. పొడుగు కాడ మీద ఒక వైపుకి వరసగా పూసే పువ్వు, పెళ్లిళ్ల స్టేజీ మీద మీరు చూసే ఉంటారు. అది ఐరిస్ కుటుంబమే. కుంకుమపువ్వు కూడా అదే కుటుంబం, మనం పాలల్లో వేసుకునే ఎర్రటి పోగులు దాని కీలాగ్రాలు. ఈ కుటుంబం గుర్తు గట్టిగా పట్టుకోండి: కేసరాలు మూడు, అండాశయం పువ్వు కింద. కేసరాలు ఆరుంటే ఇంకో కుటుంబం వెతుక్కోవాలి.

డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్ పరిచి, ఒక పువ్వుని బ్లేడుతో నిలువుగా కోసింది. కేసరాలు లెక్కపెట్టింది, మూడు. కింద ఉన్న పచ్చటి ఉబ్బుని అడ్డంగా కోసింది. లోపల మూడు గదులు, గదుల్లో తెల్లటి చిన్న చిన్న అండాలు. "ఇదిగో అక్కా నీ సెపల్" అని ఆ ముక్క నా చేతిలో పెట్టింది.

మీరూ ఒక కాడ కొనండి, షేవింగ్ బ్లేడు జాగ్రత్త. కోసి, ఫోటో తీసి కామెంట్స్‌లో పెట్టండి, భాగాల పేర్లు రాసి మరీ పెట్టండి. తప్పు రాస్తే మా పిన్ని కూతురే రిప్లై ఇస్తుంది, ముందే చెప్తున్నా, దానికి జాలి తక్కువ. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!